పట్టముతో ముగియని పశువైద్య విద్య

2000 సంవత్సరమున తిరుపతి పశువైద్య కళాశాలనుండి పట్టము పుచ్చుకొని వెలువడిన వైద్యుడు నేటికి తన యుద్యోగకాలమున సగమునకు పైగా గడపియున్నాడు. ఆతడు చదువుకొన్ననాడు పశువులకు వాపు, నొప్పి, జ్వరము కలిగినపుడు డైక్లోఫెనాక్ సూదిమందు మంచి సాధనముగా వాడుకలో నుండెను. 2006లో నది పశువులకు నిషిద్ధమైనది. ముద్దచర్మవ్యాధిని ఆతడు పరదేశపు రోగముగా పుస్తకమున చదివియుండును. 2019లో నది ఒడిశాలో పొడసూపెను, 2022లో రాజస్థానము, గుజరాతు మొదలగు రాష్ట్రములలో లక్షకు మించిన పశువులను గొనిపోయెను. కోలిస్టిన్ అను సూక్ష్మజీవనాశకౌషధము కోళ్లు త్వరగా పెరుగుటకై దాణాలో కలుపబడుచుండెను. ఆహారమునకై పెంచు జీవులకు దానిని వాడరాదని 2019లో కేంద్రప్రభుత్వము శాసించెను. ఇవన్నియు ఆతడు కళాశాల గడప దాటిన పిమ్మట జరిగిన మార్పులే. వీనిని ఆతనికెవరు బోధించిరి? ఎచ్చట బోధించిరి? ఎవరి వ్యయమున బోధించిరి?

ఈ ప్రశ్న వైద్యులకే చెందినదని పాఠకులు తలంపరాదు. నేడొక మంచి ముఱ్ఱాగేదె వెల లక్షరూపాయలకు దగ్గరగా నున్నది. రెండెకరముల రైతునకు అది భూమి తరువాతి యాస్తి. పట్టణవాసి యిల్లు పశువుల కొట్టమునకు దూరమైనను, పొదుగువాపునకు మందువేసిన గేదెపాలు గడువు తీరకముందే అమ్ముడుపోయిన యెడల ఆ మందు చేరునది వాని బిడ్డల కడుపులోనికే. వైద్యుడు గడువెంతయో చెప్పవలెను. చెప్పుటకు ముందు తానెఱిగియుండవలెను.

డైక్లోఫెనాక్ వృత్తాంతము కొంత విపులముగా చెప్పదగినది. 1992కును 2007కును నడుమ మన దేశమున తెల్లవీపు రాబందులు నూటికి తొంబదితొమ్మిది పాళ్లకు మించి నశించెను. మొదట నేదో యంటురోగమని యనుమానించిరి. పాకిస్థానమున పరిశోధించినవారు 2004లో నిజము వెల్లడించిరి: చచ్చుటకు కొలది దినముల ముందు ఈ మందు పుచ్చుకొన్న పశువు కళేబరమును దిన్న రాబందునకు మూత్రపిండములు చెడి ప్రాణము పోవుచున్నది. రెండేండ్లలో మన ప్రభుత్వము నిషేధము విధించెను. ఇంతవఱకు మెచ్చదగినదే. కాని మనుష్యులకై తయారగు పెద్దసీసాలనుండి ఆ మందే పశువులకెక్కుట యాగలేదు. కావున 2015లో మనుష్యుల మందును గూడ మూడు మిల్లీలీటర్ల సీసాలలోనే అమ్మవలెనని నిర్ణయింపవలసివచ్చెను. మఱియొక చిత్రము: దీనికి బదులుగా కొందఱు వాడిన ఎసిక్లోఫెనాక్ ఆవు శరీరమున ప్రవేశించి డైక్లోఫెనాక్‌గానే మాఱునట! అదియు, కీటోప్రొఫెన్ అను మఱియొకటియు 2023లో నిషిద్ధములైనవి. రాబందులకు హానిచేయని మెలాక్సికామ్ ఈ కాలమంతయు మందులయంగళ్లలో దొరకుచునే యుండెను. గెజెట్టులోని యుత్తరువునకును మండలపు పశువైద్యశాలలోని సూదికిని నడుమ నిన్ని యేండ్ల దూరమేల? ఉత్తరువు పంపినవారు దానితోడి విద్యను పంపలేదు. అంతకంటె వేఱు కారణము మాకు గానరాదు.

విద్య వెంటనంటియున్నచో నేమి సాధింపవచ్చునో ముసరవ్యాధి చరిత్ర చెప్పుచున్నది. పూర్వము ఊళ్లకూళ్లను గొడ్లులేనివిగా చేసిన ఆ మారిని గూర్చి 1871లోనే యొక విచారణసంఘము నివేదిక వ్రాసెను. పరప్రభుత్వమునకు సైన్యపు గుఱ్ఱముల మీదనున్న శ్రద్ధ రైతు యెడ్లమీద లేకుండెనను మాట నిజమే. ఐనను 1889లో పూనాలో నెలకొని 1893లో ముక్తేశ్వరమునకు తరలిన ప్రయోగశాల ఈ రోగముతోనే పోరాడెను. 1920 తరువాత మేకలలో పెంచిన టీకా యక్కడ సిద్ధమయ్యెను. 1954లో స్వతంత్రభారతము నిర్మూలనోద్యమమును చేపట్టెను. పిమ్మట కణములలో పెంచిన మేలైన టీకా వచ్చెను. టీకా మాఱినప్పుడెల్ల దానిని భద్రపఱచు విధము, వేయు విధము, పరీక్షించు విధము క్షేత్రమున నున్నవారు మరల నేర్చుకొనిరి. అన్నిటికంటె కష్టమైన పాఠము కడపట వచ్చినది. ముసర తగ్గిన పిదప టీకాలు మానివేసి, రోగమెచ్చటనైన దాగియున్నదేమోయని యూరూర వెదకి రక్తపరీక్షలు చేయవలసివచ్చెను. జీవితమంతయు టీకావేసిన చేతికి టీకా మానుమనుట సామాన్యమైన బోధ కాదు. 1995తో మన దేశమున నా రోగము కడతేరెను. 2006లో దేశమునకు, 2011లో ప్రపంచమునకు విముక్తి ప్రకటింపబడెను. పట్టము లేని యుద్యోగులు గూడ నా జయమున భాగస్వాములు.

ఇప్పుడు మన రెండు రాష్ట్రముల యవసరములను చూతము. 2019 పశుగణనలో గొఱ్ఱెల సంఖ్యయందు తెలంగాణము దేశమున ప్రథమస్థానమును, ఆంధ్రప్రదేశము ద్వితీయస్థానమును బొందెను. ఒక్కొక్క రాష్ట్రమున కోటిన్నరకు మించిన గొఱ్ఱెలు గలవు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారములలో పక్షుల ఫ్లూ వ్యాపించి జనులను భయపెట్టెను. గాలికుంటు, బ్రూసెల్లా వ్యాధులను రూపుమాపుటకై 2019లో కేంద్రము ఐదేండ్లకు 13,343 కోట్ల రూపాయల పథకమును ప్రారంభించెను. బ్రూసెల్లా టీకాను నాలుగు మొదలు ఎనిమిది నెలల యాడుదూడలకు ఒక్కమాఱే వేయవలెను. అందు సజీవ సూక్ష్మజీవులుండును గావున, సూది పొరబాటున తన చేతికి గ్రుచ్చుకొన్నచో వేయువాడే రోగి కాగలడు. కోట్లు ఖర్చుపెట్టి కొన్న టీకా నేర్పులేని చేతిలో పశువునకు వ్యర్థమగును, మనుష్యునకు ప్రమాదమగును.

ఏర్పాట్లు బొత్తిగా లేవని మేమనము. 1984 నాటి చట్టము ననుసరించి భారత పశువైద్య మండలియు రాష్ట్రమండలులును గలవు. తిరుపతిలో నొకటి, హైదరాబాదులో నొకటి పశువైద్య విశ్వవిద్యాలయములు గలవు. కేంద్రము తన పశ్వారోగ్య పథకములలో వృత్తినైపుణ్యాభివృద్ధికని యొక పద్దును గూడ పెట్టెను. కాని రెండుదినముల సభ జరిపి, శాలువలు కప్పి, ధ్రువపత్రములు పంచి పంపుట విద్యయని యనిపించుకొనదు. ఇంగ్లాండున పశువైద్యుడు ఏటేట ముప్పదియైదు గంటలు నేర్చుకొని యా లెక్క చూపవలెనను నియమము గలదు. మన దేశమంతటికి నట్టి యొకే నియమముండి, నమోదు పునరుద్ధరణము దానితో ముడిపడవలెనని మా యభిప్రాయము.

దీనికొక యాక్షేపణ కలదు. అది తోసివేయదగినది కాదు. మండలమునకొక్క వైద్యుడున్నచోట ఆతడు వారము దినములు తరగతులకు బోయిన యెడల, అడ్డముతిరిగిన దూడతో బాధపడు గేదెను చూచువారెవరు? ఆతనికి బదులు వైద్యుని నియమింపక గంటలు మాత్రము విధించుట వైద్యునికిని రైతునకును గూడ శిక్షయే. అందుచేత విద్యయే జిల్లాకు రావలెను. విశ్వవిద్యాలయ బోధకులు జిల్లా రోగనిర్ణయ ప్రయోగశాలకు వచ్చి, పశువుల నడుమ నిలిచి చూపవలెను. శవపరీక్ష, మాదిరి సేకరణ, పొదుగువాపులో నేమందు పనిచేయునో పరీక్షించుట మొదలగునవి పటముల మీద చూచిన నబ్బవు.

వ్యయము ప్రభుత్వమే భరింపవలెను. మందులు తయారుచేయు కంపెనీలు విందుతోగూడిన సభలు జరిపి యుచితముగా బోధింతుమని ముందుకు వచ్చుచుందురు. అట్టి సభలో క్రొత్తమందు గుణములు తెలియును. ఆ మందు వేయకుండుట యెప్పుడు మేలో మాత్రము తెలియదు. నేడు వైద్యుడు ముఖ్యముగా నేర్వవలసినది రెండవదియే.

తుదకు సహాయకుల మాట. రైతు మొట్టమొదట బిలుచునది పలుచోట్ల వైద్యుని గాదు, గ్రామమందలి పశుసంవర్ధక సహాయకునో గోపాలమిత్రనో. చిన్నచిన్న చికిత్సలు నమోదైన వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే ఇతరులు చేయవచ్చునని చట్టము చెప్పుచున్నది. పర్యవేక్షణ మనగా నేడు పలుచోట్ల ఫోనుమీది మాట. గాలికుంటు టీకా సీసా గడ్డకట్టినచో దానిని పారవేయవలెనే గాని కరగించి వేయరాదని ఆ సహాయకునికి చెప్పువారెవరు? ఆ పని మండలవైద్యునిదే కావలెను. నెలకొక దినము తన సహాయకులను చేర్చుకొని నేర్పుట ఆతని యుద్యోగధర్మములలో జేర్చి, ఆ దినమును పనిదినముగా లెక్కించునట్లు ఉభయరాష్ట్రముల పశుసంవర్ధకశాఖలును ఉత్తరువులు చేయవలెనని కోరుచున్నాము. ఇందులకు క్రొత్త చట్టమక్కఱలేదు, పెద్దమొత్తమును అక్కఱలేదు.