అంబాసిడర్ జ్ఞాపకం.. ఫోర్డ్ మాత్రం ఇంకా ఇంటి ముందే! కంపెనీ వెళ్లిపోయిన కార్లు ఉన్నవాళ్ల సంగతేంటి?

పాత అంబాసిడర్ ఫొటో ఒకటి వాట్సాప్ గ్రూపులో పడితే చాలు.. మెసేజ్‌లు ఆగవు. 'మా తాతగారికి ఉండేది', 'మా పెళ్లి ఊరేగింపు ఆ కారులోనే', 'స్టీరింగ్ పక్కన గేరు గుర్తుందా' అంటూ ఒక్కొక్కరూ మొదలుపెడతారు. ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా, మారుతి 800, టాటా సుమో.. ఏ పేరెత్తినా ఇదే సీన్. ఇప్పుడా లిస్టులోకి ఫోర్డ్, చెవ్రోలెట్, డాట్సన్ కూడా వచ్చి చేరాయి.

కానీ ఇక్కడే ఓ తేడా ఉంది. అంబాసిడర్ చాలామందికి ఓ జ్ఞాపకం. ఫోర్డ్, చెవ్రోలెట్ అలా కాదు. అవి ఇంకా ఇంటి ముందు ఆగి ఉన్న కార్లు. వాటికి పార్టులు దొరకాలి, సర్వీసింగ్ జరగాలి, అమ్మితే నాలుగు డబ్బులు రావాలి. విజయనగరం జిల్లా కొత్తవలస లాంటి మండల కేంద్రాల్లో ఉండేవాళ్లకి ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

తెలుగువాళ్లకీ ఈ బండ్లకీ పాత లింకే

1982లో ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్య రథం ఏ కంపెనీదో తెలుసా? పాత చెవ్రోలెట్ వ్యాన్‌నే అలా మార్చారు. కలెక్టర్, మంత్రి అంటే దశాబ్దాల పాటు తెల్ల అంబాసిడరే కళ్ల ముందు మెదిలేది. ఇక ఫ్యాక్షన్ సినిమాల్లో గాల్లోకి లేచే సుమోల గురించి చెప్పక్కర్లేదు. 1994లో వచ్చిన ఆ సుమో 2019లో ఆగిపోయింది.

మనకంటూ సొంత బ్రాండ్ కూడా ఉండేది. హైదరాబాద్ ఆల్విన్ అంటే ఫ్రిజ్‌లు, వాచీలే కాదు.. పుష్పక్ స్కూటర్ కూడా ఆ కంపెనీదే. 1980ల్లో జపాన్ కంపెనీ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ పేరుతో చిన్న లారీలు తయారుచేసింది. తర్వాత ఆ ప్లాంట్ మహీంద్రా చేతికి వెళ్లింది. ప్లాంట్ ఉంది.. ఆల్విన్ పేరు మాత్రం రోడ్డు మీద నుంచి మాయమైంది.

ఎవరు ఎప్పుడు ఆపేశారు?

అంబాసిడర్ 1957లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో మొదలై 2014 మే నెలలో ఆగింది. 2017లో హిందుస్థాన్ మోటార్స్ ఆ పేరును రూ.80 కోట్లకు ఫ్రాన్స్ కంపెనీ ప్యూజోకు అమ్మేసింది. అదే ఏడాది మే నెలలో చెవ్రోలెట్ కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ ఇండియాలో అమ్మకాలు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2021 సెప్టెంబర్ 9న ఫోర్డ్ కూడా అదే బాట పట్టింది. పదేళ్లలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చిందని చెప్పింది. 2022లో నిస్సాన్ తన డాట్సన్ బ్రాండ్‌ను ఆపేసింది.

ఫ్యాక్టరీలు మాత్రం ఖాళీగా లేవు. గుజరాత్‌లోని సనంద్‌లో ఉన్న ఫోర్డ్ ప్లాంట్‌ను టాటా, మహారాష్ట్రలోని తలేగావ్‌లో ఉన్న జనరల్ మోటార్స్ ప్లాంట్‌ను హ్యుందాయ్ కొనుక్కున్నాయి. 'ఇంకో కంపెనీ తీసుకుంది కదా, పార్టులు వస్తాయిలే' అని చాలామంది అనుకుంటారు. అది కరెక్ట్ కాదు. కొన్నది స్థలం, షెడ్లు, మెషీన్లు. కొత్త ఓనర్ తన కార్లే చేసుకుంటాడు కానీ ఫిగో బంపర్, బీట్ హెడ్‌లైట్ చేయడు.

అంబాసిడర్ ఎందుకు బతికింది?

అసలు పాయింట్ ఇదే. తయారీ ఆగిపోయినా అంబాసిడర్ రోడ్డు మీద కనిపిస్తోందంటే కారణం అభిమానం ఒక్కటే కాదు. 1957 నుంచి 2014 వరకు దాని బాడీ షేప్ దాదాపు మారలేదు. ఒకే రకం పార్టులు అన్నేళ్లు మార్కెట్లో తిరిగాయి. బయటి కంపెనీలూ తయారుచేశాయి. పైగా పాత మోడళ్లలో కంప్యూటర్ లేదు. పానా, స్క్రూడ్రైవర్ పట్టుకున్న మెకానిక్ చెవితో విని రోగం పట్టేయగలడు.

ఇప్పటి కార్లు అలా కాదు. ఇంజిన్‌ను నడిపేది ఈసీయూ అనే చిన్న కంప్యూటర్. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, సెన్సర్లు అన్నీ దానితో మాట్లాడుతుంటాయి. ఏదైనా తేడా వస్తే స్కానర్ పెట్టి చూడాలి. కొన్ని పార్టులు బిగిస్తే సరిపోదు, సాఫ్ట్‌వేర్‌లో కూడా ఎక్కించాలి. కంపెనీ నెట్‌వర్క్ తగ్గేకొద్దీ ఈ పనులు చేసే చోట్లు కూడా తగ్గిపోతాయి.

ఇందులో ఓ విచిత్రం ఉంది. ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజిన్‌నే చూడండి. ఫియట్ పుంటోలోనే కాదు.. మారుతి స్విఫ్ట్, డిజైర్, టాటా ఇండికా విస్టాలోనూ ఆ కుటుంబం ఇంజినే. చెవ్రోలెట్ సెయిల్ డీజిల్‌ కూడా దాని చుట్టమే. మారుతి 2020 వరకు దాన్ని వాడింది. కాబట్టి పుంటో ఇంజిన్ పని తెలిసిన మెకానిక్ చిన్న ఊర్లో కూడా దొరుకుతాడు. కానీ అదే పుంటోకి ఎవరైనా వెనక నుంచి గుద్దితే? టెయిల్ లైట్ కోసం ఊళ్లన్నీ వెతకాలి. ఇంజిన్‌కి చుట్టాలున్నారు.. బాడీకి లేరు.

కొత్తవలసలో ఉంటే ఎందుకు కష్టం?

కొత్తవలస నుంచి విశాఖ సుమారు 30 కిలోమీటర్లు. ఆయిల్ మార్చడం, బ్రేకులు, క్లచ్ లాంటి పనులు ఏ ఊరి మెకానిక్ అయినా చేస్తాడు. స్కానర్ పని, ఏసీ, గేర్‌బాక్స్ అంటే మాత్రం సిటీకి పోవాల్సిందే. అక్కడ కూడా ఆ పార్టు లేకపోతే ఆర్డర్ పెట్టి రోజుల తరబడి ఎదురుచూడాలి. సిటీలో ఉన్నవాళ్లు ఈలోగా బస్సెక్కుతారు. ఊళ్లో కారు మీదే బతికేవాళ్లకి అది కుదరదు.

ఇంకోవైపు ఇది శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లే దారి. అనంతగిరి ఘాట్ ఎక్కి దిగే బండికి క్లచ్, బ్రేకులు, రేడియేటర్ మీద లోడ్ ఎక్కువ. పార్టు దొరకలేదని వాయిదా వేస్తూ ఘాట్ రోడ్డు ఎక్కడం డబ్బు సమస్య మాత్రమే కాదు, ప్రాణం మీదకి తెచ్చుకోవడం.

కాగితాల ఖర్చు కూడా పెరిగింది

ప్రైవేట్ కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఈ ఫీజు రూ.600 నుంచి రూ.5,000కు పెరిగింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో దాన్ని రూ.10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. ఢిల్లీలో లాగా ఇన్నేళ్లు దాటితే బండి ఆపేయాలన్న రూల్ ఏపీలో లేదు. కాకపోతే పాత బండిని ఉంచుకోవడం ఇప్పుడు చౌక కాదు.

50 ఏళ్లు దాటిన వాహనాలకు 2021లో కేంద్రం వింటేజ్ కేటగిరీ తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కి రూ.20,000. అయితే ఆ బండి ప్రదర్శనలకు, ర్యాలీలకే.. రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడానికి కాదు. అంటే తాతగారి అంబాసిడర్‌కి ఓ దారి ఉంది. 2012 మోడల్ ఫిగోకి మాత్రం అభిమానులు తప్ప ఏ స్పెషల్ కేటగిరీ లేదు.

సెకండ్ హ్యాండ్‌లో చౌకగా వస్తోందా? ఇవి చూసుకోండి

కంపెనీ వెళ్లిపోయిన కారు రేటు పడిపోతుంది. అందుకే సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఇవి ఊరిస్తుంటాయి. కొనేముందు ఇంజిన్ సౌండ్ కన్నా ముందు బంపర్లు, లైట్లు, అద్దాలు, డ్యాష్‌బోర్డ్ చూడాలి. దొరకనివి ఇవే. డ్యాష్‌బోర్డ్‌లో వార్నింగ్ లైట్ వెలుగుతుంటే స్కాన్ చేయించకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. రిజిస్ట్రేషన్ ఎన్నేళ్లు మిగిలి ఉందో లెక్కేసుకోవాలి. మీ ఊరి మెకానిక్ ఆ మోడల్‌ని ముందు ఎప్పుడైనా విప్పాడా అని అడగాలి. లేదంటే రేటులో మిగిలింది షెడ్డులో పోతుంది.

మళ్లీ వస్తాయా?

ఫోర్డ్ తిరిగొస్తోందన్న వార్తలు చూసి అభిమానులు సంబరపడ్డారు. నిజమే, చెన్నై దగ్గరి ప్లాంట్‌ను మళ్లీ వాడతామని ఫోర్డ్ 2024లో చెప్పింది. కానీ అది ఎగుమతుల కోసం. ఇక్కడ కార్లు అమ్మడానికి కాదు. జావా 2018లో, యెజ్డీ 2022లో తిరిగొచ్చాయి కానీ అవి అదే పేరుతో వచ్చిన కొత్త బండ్లు. చేతక్ అయితే పూర్తిగా ఎలక్ట్రిక్. పేరు తిరిగొచ్చినంత మాత్రాన పాత బండికి పార్టు రాదు.

ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా నిస్సాన్ కూడా కష్టాల్లో ఉంది. 20 వేల ఉద్యోగాలు తగ్గిస్తామని 2025లో ప్రకటించింది. చెన్నై ప్లాంట్‌లో తన వాటాను 2025లో రెనోకి ఇచ్చేసింది. ఇండియాలో అమ్మకాలు కొనసాగిస్తామని అంటోంది.

వస్తువును బాగుచేయించుకునే హక్కు కోసం కేంద్రం 2022 డిసెంబర్‌లో ఓ పోర్టల్ తెచ్చింది. అందులో ఆటోమొబైల్ రంగం కూడా ఉంది. అయితే అందులో సమాచారం ఇచ్చేది కంపెనీలే. మరి షోరూమే మూసేసిన కంపెనీని ఎవరు అడగాలి? లక్షలు పోసి కొన్న కారుకి కంపెనీ వెళ్లిపోయాక ఎన్నేళ్లు పార్టులు ఇవ్వాలో అమ్మేటప్పుడే రాతపూర్వకంగా చెప్పించాలి. అభిమానులు షేర్ చేసే ఫొటోల కన్నా కొత్తవలసలో కారున్న మనిషికి పనికొచ్చేది ఆ ఒక్క కాగితమే.