ఫెలిక్స్‌ను గీసింది ఓటో మెస్మర్

కార్టూన్ల ఫెలిక్స్ పిల్లిని సృష్టించింది ఎవరంటే చాలాచోట్ల రెండు పేర్లు కలిపి చెబుతారు: ప్యాట్ సల్లివన్, ఓటో మెస్మర్. ఈ సర్దుబాటు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొదటి పేరు స్టూడియో యజమానిది, రెండోది బొమ్మ గీసినవాడిది. జీతం ఇచ్చినవాణ్ణీ ప్రాణం పోసినవాణ్ణీ ఒకే పీట మీద కూర్చోబెట్టి, పైగా యజమానికే ముందు తాంబూలం ఇవ్వడం ఏ న్యాయం?

1919లో పారమౌంట్ వాళ్లకు తమ స్క్రీన్ మ్యాగజైన్ కోసం అర్జెంటుగా ఒక చిన్న కార్టూన్ కావలసి వచ్చింది. న్యూయార్క్‌లోని సల్లివన్ స్టూడియోలో అందరి చేతుల్లోనూ పని ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన మెస్మర్ ఇంటి దగ్గర కూర్చుని ఒక నల్లపిల్లి కథ గీసిచ్చాడు. నవంబరులో విడుదలైన ఆ చిత్రం ‘ఫెలైన్ ఫాలీస్’. అందులో పిల్లి పేరు మాస్టర్ టామ్. మూడో చిత్రానికి ఫెలిక్స్ అయింది. ఆ పేరు పారమౌంట్‌లోని జాన్ కింగ్ సూచించింది. చివరికి పేరు పెట్టిన ఘనత కూడా సల్లివన్‌ది కాదు.

ఇక పనితనం చూడండి. పిల్లిని నల్లగా ఎందుకు గీశాడు? ఒళ్లంతా సిరా నింపేస్తే గీతల బెడద తగ్గుతుంది, తెర మీద కదలిక స్పష్టంగా కనిపిస్తుంది. ఈ లెక్క చెయ్యి అరగదీసుకున్నవాడికి తప్ప తెలియదు. అంతకుముందు అదే స్టూడియోలో మెస్మర్ చార్లీ చాప్లిన్ మీద కార్టూన్లు గీశాడు. చాప్లిన్ ఫొటోలు ముందుపెట్టుకుని ఆయన ఒంటి విరుపులను, నడకను అధ్యయనం చేశాడు. మాట లేకుండా మనసు చెప్పే ఆ విద్య అంతా పిల్లిలోకి వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచుకుని, ఆలోచిస్తూ పచార్లు చేసే ఫెలిక్స్‌ను ఒక్కసారి చూసినవాళ్లు మరిచిపోలేరు. సందేహం వస్తే నెత్తి మీద ప్రశ్నార్థకం మొలుస్తుంది, అవసరమైతే అదే పనిముట్టు అవుతుంది. తోక ఊడి వచ్చి చేతికర్ర అవుతుంది. ఆ మూకీ రోజుల్లో ఒక కార్టూన్ బొమ్మ ఆలోచించడం జనం అలా చూశారు. తర్వాత పిల్లిని గుండ్రంగా, ముద్దుగా మలిచినవాడు బిల్ నోలన్. ఆయన వాటా ఆయనకు ఇద్దాం. మరి సల్లివన్ వాటా ఏది?

సొమ్మొకడిది, సోకొకడిది. తెర మీద సల్లివన్ పేరే పడింది. 1923లో పత్రికల్లో మొదలైన కామిక్ స్ట్రిప్ మీదా సల్లివన్ సంతకమే. బొమ్మలు, ఆటవస్తువుల హక్కుల సొమ్ము సల్లివన్‌కే. 1925లో సొంత దేశం ఆస్ట్రేలియా వెళితే ఫెలిక్స్ తండ్రిగా సత్కారాలు అందుకున్నాడు. 1928లో న్యూయార్క్‌లో టెలివిజన్ ప్రయోగాలకు తిరిగే బల్ల మీద ఫెలిక్స్ బొమ్మను నిలబెట్టినప్పుడూ మెస్మర్ పేరు ఎవరికీ తెలియదు. అదే ఏడాది మిక్కీ మౌస్ శబ్దంతో వచ్చి ప్రపంచాన్ని ఊపేస్తుంటే, శబ్దంలోకి సకాలంలో దిగక సల్లివన్ ఆ పిల్లి బతుకునే దెబ్బతీశాడు. 1933లో ఆయన పోయాక హక్కులు ఆయన వారసుల చేతికి వెళ్లాయి. మెస్మర్ చేతికి పాత జీతగాడి గుర్తింపు తప్ప ఇంకేమీ రాలేదు. తర్వాతి ఏళ్లలో ఆయన టైమ్స్ స్క్వేర్‌లో విద్యుద్దీపాల ప్రకటనలకు కదిలే బొమ్మలు వేశాడు.

సల్లివన్ పక్షాన ఆస్ట్రేలియాలో కొందరు 1917 నాటి మరో పిల్లి కార్టూన్‌ను, ‘ఫెలైన్ ఫాలీస్’లోని చేతిరాతను సాక్ష్యంగా చూపుతారు. పిల్లి బొమ్మ వేసిన ప్రతివాడూ ఫెలిక్స్‌ను కన్నట్టేనా? అక్షరాలు రాసినంత మాత్రాన నడక నేర్పినట్టా? ఆ స్టూడియోలో పనిచేసినవాళ్లు యానిమేషన్ చరిత్రకారుడు జాన్ కేన్‌మేకర్‌కు చెప్పినది ఒక్కటే: అక్కడ పని నడిపింది మెస్మర్.

“ఆయనే అడగలేదుగా, మీకెందుకు?” అనేవాళ్లున్నారు. నిజమే, మెస్మర్ దశాబ్దాలు నోరు మెదపలేదు. నెమ్మదస్తుడు, జీతం మీద బతికే ఇల్లు. నోరులేనివాడి మౌనాన్ని అంగీకార పత్రంగా చదవడం యజమానులకు పాత అలవాటు. మన సినిమా రంగంలో ఘోస్ట్‌లుగా రాసి, పేరు లేకుండా వెళ్లిపోయిన రచయితల విషయంలోనూ ఇదే వాదన వినిపిస్తుంది. హక్కు పత్రం కొనుక్కోవచ్చు. గీత గీసిన చేతిని కొనలేరు. చట్టం స్టూడియోకు ఆస్తి ఇచ్చింది, గీసిన పనితనం ఇవ్వలేదు.

మెస్మర్ 1983లో, తొంభై దాటాక, కన్నుమూశాడు. చివరి ఏళ్లలో కేన్‌మేకర్ లాంటివాళ్ల పుణ్యమా అని కొంత గౌరవం చూశాడు. 2014 నుంచి ఫెలిక్స్ హక్కులు డ్రీమ్‌వర్క్స్ యానిమేషన్ చేతిలో ఉన్నాయి. ఆ పిల్లిని మళ్లీ తెరకెక్కించినా, చొక్కా మీద అచ్చేసినా, సృష్టికర్త అన్న చోట ఒక్క పేరే వేయండి: ఓటో మెస్మర్. సల్లివన్‌ను నిర్మాత అనండి. ఆయన నిర్మాతే.