ఫిర్యాదు చింపినవాడికా చట్టం అండ?

గార్డు చేతిలో దెబ్బలు తిన్న అమెరికా ఖైదీ ఫెడరల్ కోర్టుకు వెళ్లాలంటే ముందు ఆ జైలు అధికారులకే ఫిర్యాదు ఇచ్చుకోవాలి. కాదంటే పై అధికారికి, అక్కడా కాదంటే ఆపైన ఉన్నవారికి అప్పీలు చేసుకోవాలి. మధ్యలో ఒక్క గడువు తప్పినా దావా పోయినట్టే. 1996లో క్లింటన్ సంతకం చేసిన జైలు వ్యాజ్యాల సంస్కరణ చట్టం పెట్టిన నిబంధన ఇది. అమెరికన్ కాంగ్రెస్ దీన్ని సవరించి తీరాలి.

పనికిమాలిన దావాలు పెరిగిపోయాయని అప్పట్లో ఊదరగొట్టారు. కోరిన రకం పీనట్ బటర్ ఇవ్వలేదని ఓ ఖైదీ కోర్టుకెక్కాడంటూ ఎగతాళి చేశారు. ఫెడరల్ జడ్జి జాన్ న్యూమన్ ఆ కేసు కాగితాలు తిరగేస్తే తేలింది వేరు. తప్పుగా వచ్చిన సరుకును వెనక్కి తీసుకున్నారు, సరైనది ఇవ్వలేదు, ఖైదీ డబ్బు రెండున్నర డాలర్లు పోయింది. జైలు కూలితో బతికేవాడికి అది చిన్న మొత్తం కాదు.

2006లో వుడ్‌ఫర్డ్ కేసులో సుప్రీంకోర్టు ముడి ఇంకా బిగించింది. గడువు దాటాక ఇచ్చిన ఫిర్యాదు లెక్కలోకి రాదంది. ఆ కేసు పుట్టిన కాలిఫోర్నియాలో అప్పట్లో గడువు 15 పనిదినాలే. అదే రాష్ట్రంలో వీధిలో పోలీసు కొడితే పౌరహక్కుల దావాకు రెండేళ్ల వ్యవధి ఉంది. ఆసుపత్రి మంచం మీదున్నవాడికి, చదువు రానివాడికి, ఏకాంత నిర్బంధంలో కాగితం ముక్క దొరకనివాడికి ఈ తేడా ఎందుకు?

అధికారి తనను లైంగికంగా వేధించాడని, ఫిర్యాదు పత్రాలు చింపేశాడని ఆరోపించిన మిషిగన్ ఖైదీ కేసు సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. ఫిర్యాదు వివాదం అసలు ఆరోపణతో పెనవేసుకుని ఉంటే జ్యూరీయే తేల్చాలని 2025 జూన్‌లో 5-4 తేడాతో తీర్పు వచ్చింది. మంచి తీర్పే. కానీ లాయరు లేని ఖైదీ జ్యూరీ దాకా చేరేదెలా?

జైలుకు తప్పు దిద్దుకునే అవకాశం ఇవ్వాలన్న వాదనలో న్యాయం ఉంది. దానికి కోర్టు తలుపు మూయనక్కర్లేదు. మన సుప్రీంకోర్టు 1979లో, తోటి ఖైదీ పడ్డ హింసపై సునీల్ బాత్రా రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. అమెరికాలోనూ 1980లో వచ్చిన చట్టం సహేతుకంగానే ఉండేది: జైలు ఫిర్యాదు వ్యవస్థ కనీస ప్రమాణాలకు తూగితే, జడ్జి సబబనుకుంటే, కేసును 90 రోజుల దాకా ఆపవచ్చు. కొట్టేయనక్కర్లేదు. కాంగ్రెస్ ఆ పద్ధతికే తిరిగి వెళ్లాలి. గడువు తప్పిందన్న ఒక్క సాకుతో దావా కొట్టేయడాన్ని నిషేధించాలి. ఫిర్యాదు తీసుకున్నట్టు ఖైదీ చేతికి రసీదు ఇవ్వని జైలుకు ఈ నిబంధన చాటున దాక్కునే వీలే ఉండకూడదు.