చవక బల్లి దొంగ బల్లే

మా అన్నయ్య కొడుకు హైదరాబాద్ నుంచి వాట్సాప్‌లో ఓ ఫొటో పంపాడు. నెమలికంఠం రంగులో మెరిసిపోతున్న బుల్లి బల్లి. ‘బాబాయ్, నువ్వు పెంచేవి ఇవే కదా? ఇక్కడొకాయన జత ఇస్తానంటున్నాడు. రేటు కూడా బాగా తక్కువ’ అని కింద రాశాడు. రేటు తక్కువ కాబట్టే కొనొద్దన్నాను. ఎందుకు వద్దన్నానో వాడితో పాటు మరో నలుగురికి కూడా తెలిస్తే మంచిదని ఇది రాస్తున్నాను.

ఆ బల్లి శాస్త్రీయ నామం లైగోడాక్టిలస్ విలియమ్సి. తోకతో కలిపినా చూపుడు వేలంతే. మగది నీలం, ఆడది ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగు. కాలివేళ్లకే కాదు, తోక కొసకు కూడా అతుక్కునే గుణం ఉంటుంది. టాంజానియాలో ఉలుగురు కొండల దిగువన ఉన్న కింబోజా అడవి, ఆ పక్కనే మిగిలిన కొద్దిపాటి అడవి ముక్కలు తప్ప దీనికి ప్రపంచంలో మరో చోటు లేదు. కింబోజా మొత్తం కలిపితే దాదాపు 4 చదరపు కిలోమీటర్లు. అందులోనూ ఇది కాపురముండేది ఒక రకం మొగలి చెట్ల మీద. మన సముద్రతీరాల్లో కనిపించే మొగలి పొదలకు ఆ చెట్టు దాయాదే.

ఇంత చిన్న చోటి నుంచి, 2004 డిసెంబరు, 2009 జులై మధ్య ఒక్క బృందమే 32 వేలకు పైగా బల్లులను పట్టుకెళ్లిందని 2012లో వెలువడిన ఓ అధ్యయనం లెక్కగట్టింది. ఆ సంఖ్య 42 వేలు దాటి ఉండొచ్చనీ చెప్పింది. అప్పటికి అడవిలో ఉన్నవాటిలో ఇది సుమారు 15 శాతం. పై కొమ్మల్లో ఉన్నవి చేతికందక చెట్లనే నరికేశారు. దాంతో దొరక్కుండా తప్పించుకున్న బల్లికీ గూడు లేకుండా పోయింది. ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే ఒప్పందం సైటిస్. చివరికి 2016లో జోహన్నెస్‌బర్గ్‌లో జరిగిన దాని సమావేశం ఈ బల్లిని మొదటి అనుబంధంలో చేర్చింది. 2017 జనవరి నుంచి, అడవిలో పట్టినదాన్ని దేశాలు దాటించి అమ్ముకోవడం నిషిద్ధం.

నేనుండేది జర్మనీలో. నా దగ్గరున్నవన్నీ ఇక్కడి పెంపకందార్ల ఇళ్లలో పుట్టినవే. హాల్లో ఓ మూల, మొక్కలు నాటిన గాజుపెట్టె ఉంటుంది. దీన్నే వివేరియం అంటారు. లోపల నిలువునా వెదురు బొంగులు, వాటికి అల్లుకున్న మనీప్లాంట్, మధ్యలో స్నేక్‌ప్లాంట్ మొక్కలు. అడుగున ఎండుటాకుల కింద కంటికి ఆనీ ఆనని పురుగులుంటాయి. రెట్టనీ బూజునీ అవే తినేస్తాయి కాబట్టి పెట్టె కడిగే పని ఉండదు. పైన అతినీలలోహిత కిరణాలిచ్చే ట్యూబులైటు వెలుగుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టక బల్లి ఎముకలు వంకర్లు పోతాయి. పొద్దునా సాయంత్రం నీళ్లు పిచికారీ చేస్తే ఆకుల మీది చుక్కల్ని నాకుతూ తిరుగుతాయి. ఒక పెట్టెలో ఒక్క మగదే ఉండాలి. రెండోదాన్ని వదిలామా, కొట్లాటే. ఓడినది నీలం కోల్పోయి ఆడదాని రంగుకు మారి మూలన నక్కుతుంది.

పెంచడం వరకూ తేలికే. పిల్లల్ని పుట్టించడంలోనే ఉంది అసలు చాకిరీ. గుడ్లు పెట్టే కాలంలో ఆడదాని మెడకు రెండు పక్కలా తెల్లగా ఉబ్బుతుంది. గుడ్డు పెంకు కోసం దాచుకున్న కాల్షియం నిల్వ అది. తర్వాత ఏ వెదురు బొంగు లోపలో, ఏ ఆకు మొదట్లోనో బఠాణీ గింజంత గుడ్లు రెండు అంటించేస్తుంది. ఊడదీయబోతే పగులుతాయి. అందుకే వాటిని అక్కడే ఉంచి, గాలాడేలా బెజ్జాలు పెట్టిన చిన్న ప్లాస్టిక్ కప్పు బోర్లిస్తాను. లేదంటే పిల్ల బయటికి రాగానే పెద్దవి మింగేయొచ్చు. పొదగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వచ్చిన పిల్ల అంగుళానికి అటూ ఇటూ ఉంటుంది. దాని నోటికి పట్టే మేత, ఎగరలేని రకం పండు ఈగలు. వాటిని సీసాల్లో మనమే పెంచి, కాల్షియం పొడిలో దొర్లించి వేయాలి. ఒక సీసాకి బూజు పట్టిందంటే పిల్లలకు పస్తే కాబట్టి, వెనకాల మరో రెండు సీసాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. పిల్ల మగదో ఆడదో తేలడానికే నెలలు పడుతుంది. ఆపైన కాగితాలు. పుట్టినా చచ్చినా చేతులు మారినా ఇక్కడి ప్రకృతి సంరక్షణ కార్యాలయానికి తెలియజేయాలి. అమ్మాలంటే ధ్రువపత్రం ఉండాలి.

ఇన్ని నెలలు కరెంటు బిల్లు కట్టి, ఈగలు పెంచి, అర్జీలు రాసినవాడు చవగ్గా ఎలా అమ్ముతాడు? చెట్టు నరికి సంచీలో వేసుకొచ్చినవాడికే ఆ రేటు గిట్టుబాటవుతుంది.

‘ఇంట్లో పుట్టినవే’ అని దొంగ కూడా చెబుతాడు కదా అంటారు. నిజమే. కానీ చూసే కన్నుంటే తేడా దాగదు. పెంచేవాడి ఇంట్లో బొంగులకు పాత పెంకులు తెల్లగా అంటుకుని ఉంటాయి. నిన్న పుట్టినదీ, మూణ్నెల్లదీ, ఎదిగినదీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఈగల సీసాలుంటాయి. దొంగ సరుకు దగ్గర ఇవేవీ ఉండవు. అన్నీ పెద్దవే, చాలావాటికి తోకలు తెగి ఉంటాయి.

మన దేశంలో 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం సైటిస్ జీవుల్ని నాలుగో షెడ్యూలులో చేర్చింది. 2024 నిబంధనల ప్రకారం, వాటిని పెంచేవాళ్లు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, పిల్లలు పుడితే చెప్పాలి. ఇదంతా వేధింపు అని కొందరు పెంపకందార్లు గొణుగుతున్నారు. నా మటుకు నాకు ఇంకా గట్టిగా ఉండాలనిపిస్తుంది. 2020లో కేంద్రం స్వచ్ఛందంగా వెల్లడించమని ఆరు నెలలు గడువిచ్చినప్పుడు, జంతువు ఎక్కణ్నుంచి వచ్చిందో కాగితాలు అడగబోమంది. అలాంటి మాఫీ మళ్లీ ఇవ్వకూడదు. పుట్టుకలు నమోదు చేసే అధికారి ఫారం మీద ముద్ర వేసి ఊరుకోకుండా గుడ్డు ఫొటో, పెంకు ఫొటో అడగాలి. అనుమానమొస్తే ఇంటికెళ్లి చూడాలి. నిజంగా పెంచేవాడికి ఇందులో నష్టమేమీ లేదు.

మా బోటివాళ్లం పెంచబట్టే ఈ జాతి బతికి ఉందని మాలో కొందరు గొప్పలు పోతుంటారు. అది వట్టి మాట. నా గాజుపెట్టె వల్ల కింబోజాలో ఒక్క మొగలి చెట్టు కూడా అదనంగా మొలవలేదు. అడవి మీద పడే చేతుల్ని కొంత తగ్గించగలం, అంతే. అదీ చవక సరుకుకు మేమంతా దూరంగా ఉంటేనే. అరుదైనదానికి ఇవాళ గిరాకీ పుడితే రేపు మన శేషాచలం బంగారు బల్లి మీదా కన్ను పడుతుంది.

ఒంటి మీద బల్లి పడితే పంచాంగం తిరగేసే ఇళ్లలో పుట్టిన కుర్రాళ్లు బల్లిని ముచ్చటపడి పెంచుకుంటామంటే నాకు సంతోషమే. అయితే ముందు ఓ ఆరు నెలలు పండు ఈగల సీసాలు నడిపి చూడండి. విసుగు పుట్టకపోతే అప్పుడు బల్లి సంగతి ఆలోచించండి. అమ్మేవాణ్ని రేటు అడిగే ముందు కాగితం చూపించమనండి, పెంకు చూపించమనండి. నీళ్లు నమిలితే, ఊరికే ఇచ్చినా తీసుకోకండి.