నడక తప్పితే నేరమా?

దుండిగల్ అనగానే వాయుసేన అకాడమీ గుర్తుకొస్తుంది. అక్కడి కేడెట్లకు వేళ తప్పని కసరత్తు అవసరమే. కానీ ఆ కొలతతోనే చుట్టుపక్కల కాలనీల్లోని ఇల్లాళ్లు తమను తాము కొలుచుకోనక్కరలేదు. ఒకపూట నడక తప్పిందని ఏదో నేరం చేసినట్లు నొచ్చుకోవడం తగదు.

రోజుకు పదివేల అడుగులన్నది వైద్యులు పెట్టిన నియమం కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కించే పరికరాన్ని అమ్ముకోవడానికి దానికి పెట్టిన పేరది. అమెరికాలో వయసు మళ్లిన మహిళలపై 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం, 4,400 అడుగులు నడిచేవారిలో కూడా, 2,700 నడిచేవారికన్నా మరణాలు తక్కువ. 7,500 దాటాక మేలు ఇంకా పెరిగిన జాడ లేదు. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం మంచిదని, అంత కుదరకపోతే కొంతైనా మేలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

ఆ కాస్త వ్యవధి అయినా ఇల్లాలికి ఎక్కడిది? 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, పురుషులు వెచ్చించేది 88 నిమిషాలే. నడవకపోతే బద్ధకమంటారు. నడిస్తే ఇల్లు పట్టదంటారు. రెండు విధాలా నింద ఆమెకే!

మందలింపులు కాదు, ఆమెకు కావలసింది తీరిక. ఇంట్లో మగవారు పూటకో అరగంట వంటింట్లో అడుగుపెడితే, ఆమె నిశ్చింతగా వీధిలో అడుగుపెట్టగలదు. నేడు తప్పిన నడకను రేపు నడవవచ్చు. ఇంటిపని పంచుకోవడం మాత్రం నేడే మొదలుకావాలి.