చదునుగా పోయే తూటా, చదునైన నేల

మా టీమ్ లో కొత్తగా చేరిన గుంటూరు కుర్రాడొకడు మొన్న లంచ్ లో అడిగాడు. "అన్నా, డీర్ సీజన్ కి రైఫిల్ కొందామనుకుంటున్నా. ట్వంటీటూ-టూఫిఫ్టీ అయితే లేజర్ లాగా తిన్నగా పోతుందట కదా, అదే తీసుకోనా?" సరిగ్గా అదే వారం మా ఊరు విడపనకల్లు నించి చిన్నాయన ఫోను. ఆయన అడిగిందీ దాదాపు అదే.

"ఒరే అబ్బయ్యా, ఆడ నువ్వు జింకల్ని కొడతా ఉండావంట గదా. ఏం తుపాకీరా అది? ఈడ పప్పుశనగ మొలక లేసేది ఆలీసం, గుంపులు గుంపులుగా వచ్చి కొరికిపెడతా ఉండాయి."

ఒకే ప్రశ్నకి రెండు జవాబులు ఎందుకు చెప్పాల్సొచ్చిందో రాద్దామని కూర్చున్నా. వేట అంటేనే గిట్టని వాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, ఏమీ అనుకోను. నేను ఆస్టిన్ కి వచ్చి పదకొండేళ్ళు, తుపాకి పట్టి ఆరేళ్ళు.

ముందు కుర్రాడి సంగతి. అతను హెచ్ వన్ మీద ఉన్నాడు. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర పెట్టుకోవడమే ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, కానీ ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. కాబట్టి ముందు లైసెన్సు, తర్వాతే తుపాకి షాపు. మనవాళ్ళలో చాలామందికి ఇది తెలీదు. స్నేహితుడి తుపాకి సరదాగా కార్లో పెట్టుకు తిరుగుతారు. ఉద్యోగమే కాదు, వీసా కూడా పోతుంది బాబూ.

ఇంక కాలిబర్. "ఫ్లాట్ షూటింగ్" అంటే తూటా కింద పడకుండా పోతుందని కాదు. తొమ్మిదో క్లాసు ఫిజిక్సే. ఎంత వేగంగా పోయినా భూమి లాగేది ఒకేలాగ. వేగం ఎక్కువైతే లాగడానికి టైము తక్కువ దొరుకుతుంది, అంతే. పాతకాలం థర్టీ-థర్టీ తూటా 300 గజాలు పోవడానికి అరసెకను పైన పడుతుంది, ఆలోగా గొట్టం గీత కిందకి మీటరు పైనే దిగుతుంది. .243 విన్చెస్టర్ కి సెకనులో మూడోవంతు చాలు, దిగేది ఓ అరవై సెంటీమీటర్లు. స్కోపుని 200 గజాలకి సెట్ చేసుకుంటే 300 దగ్గర ఏడంగుళాల చిల్లర కింద తగులుతుంది. గురి కాస్త పైకి పెడితే సరిపోతుంది, బుర్రలో లెక్కలు చెయ్యక్కర్లేదు. చదునుగా పోవడం వల్ల అసలు లాభం ఇదే. దూరం అంచనాలో మనం చేసే తప్పుని అది కొంచెం క్షమిస్తుంది.

మరి ట్వంటీటూ-టూఫిఫ్టీ? 300 గజాల దగ్గర .243 కన్నా అది అంగుళమో అంగుళంన్నరో మాత్రమే తక్కువ దిగుతుంది. ఆ అంగుళం కోసం మనం ఇచ్చుకునేది ఏమిటంటే, 100 గ్రెయిన్ల తూటా బదులు 55 గ్రెయిన్లది. అంటే ఆరున్నర గ్రాములు పోయి మూడున్నర గ్రాములు. గాలికి పక్కకి ఎక్కువ కొట్టుకుపోతుంది. పైగా దానికి షాపులో దొరికే తూటాల్లో ఎక్కువ భాగం నక్కల్లాంటి చిన్న జంతువుల కోసం చేసినవి, తగలగానే చితికిపోతాయి. బెంచ్ మార్క్ లో అదరగొట్టి ప్రొడక్షన్ లో కూలబడే కోడ్ చూశారుగా, అలాంటిది.

ఇది పుస్తకాల్లో చదివి చెప్పట్లేదు. మూడో సీజన్ లో నేనే ఓ మిత్రుడి ట్వంటీటూ-టూఫిఫ్టీ అరువు తీసుకుని 270 గజాల్లో ఆడ దుప్పిని కొట్టాను. భుజం మీద తగిలింది. పడలేదు. మూడుకాళ్ళ మీద పరిగెత్తి తుప్పల్లోకి పోయింది. టార్చిలైట్లు పట్టుకుని రాత్రి తొమ్మిదిన్నర దాకా నెత్తురు చుక్కల వెంట తిరిగాం. పొద్దున్న దొరికింది, అప్పటికే కయోట్లు సగం తినేశాయి. తూటా భుజం ఎముక దగ్గరే పొడిపొడి అయింది, లోపలికి పోలేదు. ఎంత వేగంగా పోతే ఏం లాభం? ఆ రాత్రి ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

టెక్సాస్ లో ఇది చట్టవిరుద్ధం కాదు. ఇక్కడ దుప్పికి రిమ్ ఫైర్ పనికిరాదంటారు, సెంటర్ ఫైర్ అయితే ఎంత చిన్నదైనా సరే. అదే కొలరాడోలో .24 కన్నా చిన్న కాలిబర్ తో కొట్టకూడదు, వర్జీనియాలో .23 కన్నా. నా ఓటు కొలరాడోకే. 1955 లో విన్చెస్టర్ వాళ్ళు .308 గుండుని తీసుకుని మెడ సన్నం చేసి (మన భాషలో ఫోర్క్ చేసి) .243 తయారుచేశారు. తన్ను తక్కువ, కొత్తవాడు కళ్ళు మూసుకుని ట్రిగ్గర్ లాగడు. 100 గ్రెయిన్ల తూటా, ఊపిరితిత్తుల మీద గురి, 200 గజాలు దాటితే వేలు తియ్యి. తమ్ముడికి ఇదే చెప్పా. కొంచెం నీరసపడ్డాడు :-)

ఇప్పుడు చిన్నాయన.

ఇక్కడో విచిత్రం చెప్పాలి. మా చిన్నాయన చేను తినే జంతువు నాకు ఆస్టిన్ నించి రెండు మూడు గంటల దూరంలో కనిపిస్తుంది. కృష్ణజింకని 1930ల్లో టెక్సాస్ ఎడ్వర్డ్స్ పీఠభూమి రాంచీల్లోకి తెచ్చి వదిలారు. బాగా పెరిగాయి. ఇక్కడ దానికి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్క లేదు. లైసెన్సూ, భూమి యజమాని ఒప్పుదలా ఉంటే చాలు. డబ్బులు కట్టి మెలికలు తిరిగిన కొమ్ముల కోసం కొడతారు. ఎక్కువమంది చేతిలో ఉండేది .243 లాంటిదే, ఎందుకంటే అది తుప్పల్లో దాక్కునే జంతువు కాదు, బయల్లో నిలబడి దూరాన్నించే మనల్ని కనిపెట్టేస్తుంది. నేను మాత్రం దాన్ని ఎప్పుడూ కొట్టలేదు. సిద్ధాంతం ఏం లేదు, స్కోపులో చూస్తే మా ఊరు గుర్తొస్తుంది, అంతే.

అదే జంతువు మన దగ్గర ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ వన్. పంట తిన్నదని షెడ్యూల్ వన్ జంతువుని కొట్టడానికి అటవీశాఖ పెద్ద అధికారి కూడా అనుమతి ఇవ్వలేడు. మనిషి ప్రాణానికి ముప్పయితేనో, కోలుకోలేని జబ్బో గాయమో ఉంటేనో తప్ప. కొడితే మూడు నించి ఏడేళ్ళు జైలు. 1998 లో కాంకాణీ దగ్గర కొట్టిన జింకలకి సల్మాన్ ఖాన్ కి 2018 లో ఐదేళ్ళు శిక్ష పడింది, రెండు రోజుల్లో బెయిలొచ్చింది. మా చిన్నాయనకి బెయిలు అంత సులువుగా రాదని వేరే చెప్పాలా.

చట్టం సంగతి చిన్నాయనకీ తెలుసు. "సట్టం మాకు తెల్దా ఏంది? మారిస్తే ఏమైతాది అని అడుగుతా ఉండా" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఆర్మ్స్ యాక్టులోనే పంట కాపలాకి మందు కూరే తుపాకీకి లైసెన్సు అడిగే వీలుంది. మరి చట్టం మారి, ప్రభుత్వమే రైఫిళ్ళు ఇస్తామంటే?

నా జవాబు అప్పుడూ వద్దనే. జింక మీద ప్రేమతో కాదు, మా నేల మీద భయంతో.

విడపనకల్లు చూసినవాళ్ళకి తెలుస్తుంది. నల్లరేగడి, కనుచూపు మేర చదును. చెట్టు అడ్డం ఉండదు. చిన్నకాలిబర్ వేగమైన తూటా ఇలాంటి నేలకే అని ఎవరికైనా తోస్తుంది. కానీ తగలని తూటా సంగతి? మనిషి భుజం ఎత్తు నించి సరిగ్గా అడ్డంగా పేలిస్తే .243 తూటా నాలుగైదు వందల మీటర్ల దగ్గర నేలని గీరుకుని మళ్ళీ ఎగరొచ్చు. గొట్టం ఒక్క డిగ్రీ పైకి లేస్తే కిలోమీటరు దాటిపోతుంది. పిల్లలు ఆడుకునే పాయింట్ ట్వంటీటూ డబ్బా మీదే ఒకటిన్నర మైలు జాగ్రత్త అని రాసుంటుంది. తేలిక తూటా నేలకి తగలగానే చితికిపోతుంది కదా అని ఇక్కడ మిత్రుడు వాదిస్తాడు. నిజమే, నిటారుగా తగిలితే. ఏటవాలుగా జారితే నేను పందెం కాయను.

టెక్సాస్ లో మేం పదడుగుల ఎత్తు మంచె ఎక్కి కిందకి కొడతాం, తూటా వెనకాల మట్టి ఉంటుంది. చుట్టూ వేల ఎకరాల్లో మేం తప్ప మనిషుండడు. విడపనకల్లులో జింకలొచ్చేది రాత్రీ, తెల్లారగట్లా. ఆ టైముకి ప్రతి చేలోనూ ఒక మనిషి కంబళి కప్పుకుని పడుకుని ఉంటాడు, జింకలు తోలడానికే. పక్క చేలో దీపం ఉండదు, గుడిసె ఉండదు, నల్లమట్టి మీద నల్ల కంబళి. టార్చి వెలుగులో మెరిసే కళ్ళ వెనక ఎవరున్నారో ఎవరు చెప్తారు? పరిగెత్తే జింక తూటా చేరేలోపు ఏడు మీటర్లు పోతుంది, తూటా మాత్రం ఆగదు. పైగా ఉరవకొండ చుట్టుపక్కల గాలిమరలు ఊరికే పెట్టలేదు, ఆ గాలికి మూడున్నర గ్రాముల సీసం ఎటు పోతుందో నాకైతే తెలీదు. పందులకి పెట్టిన కరెంటు తీగలకే మనుషులు పోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం.

ఇదంతా లెక్కలేసి చెప్పా. చిన్నాయన ఓపిగ్గా విన్నాడు.

"నీ లెక్కలు బాగుండాయి గానీ నాయనా, ఈ రాత్రి నా సేనికి ఎవురు పోవల్ల? నాకు అరవైనాలుగు. నిద్ర లేక పదైదు దినాలాయ."

దీనికి నా దగ్గర ఫిజిక్సు లేదు. నష్టాన్ని ఎకరానికి ఇంత అని లెక్కగట్టి, పంట చేతికొచ్చే లోపలే రైతు చేతిలో పెట్టమని అడగడం న్యాయం. జింక దేశానికి ముద్దయితే దాని మేత ఖర్చు ఒక్క మా చిన్నాయన ఎందుకు భరించాలి? కానీ అది ఈ రాత్రికి పనికిరాదు. కంచెకి నా వంతు డబ్బు పంపాను. ఇక్కడి రాంచీల వాళ్ళు చెప్పిన ముక్క ఒకటి కూడా చెప్పా. కృష్ణజింక ఎంత ఎత్తు ఎగరగలిగినా కంచె దగ్గర కిందనించే దూరుతుంది, అందుకని అడుగున వల నేలకి బిగించి కట్టమని. తొమ్మిదెకరాలకి ఇప్పటికి రెండు వైపులు అయింది. మిగతా రెండు వైపులా ఆయనే తిరుగుతున్నాడు.