మంద్రం వేరు, మోత వేరు

హెడ్‌ఫోన్ కొనబోయే విద్యార్థి మొట్టమొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "బేస్ బాగుంటుందా?" ఈ మాట వినగానే సంగీతం తెలిసిన పెద్దలు కొందరు పెదవి విరుస్తారు. బేస్ కోరడం పామరుల రుచి అని వారి భావన. వారితో నేను ఏకీభవించలేను. బేస్ కోరడంలో తప్పేమీ లేదు. అయితే ఆ పేరు చెప్పి మనకు అంటగడుతున్నది చాలాసార్లు బేస్ కాదు, ఒట్టి మోత. ఈ రెంటికీ గల తేడా తెలియకపోతే డబ్బు పోతుంది. దానితోపాటు చెవులూ పోతాయి.

మంద్రధ్వని మీద మమకారం మనకు ఎక్కడినుంచో దిగుమతి కాలేదు. మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు ఎడమ మూత మీద తడిపిన రవ్వ ముద్దను అంటిస్తాడు. ఆ బరువుకు చర్మం నిదానంగా కంపించి స్థాయి దిగుతుంది. పాళ్ళు తప్పితే మాత్రం నాదం మొద్దుబారుతుంది. తిరునాళ్ళ రాత్రి దూరాన పొలం గట్టు మీద నిలబడండి. ముందు చెవిన పడేది డోలు దెబ్బ. సన్నాయి వినాలంటే ఇంకాస్త దగ్గరకు నడవాలి. హెచ్చు స్థాయి శబ్దాలను గాలి త్వరగా పీల్చేస్తుంది, మంద్రాన్ని దూరం పోనిస్తుంది. ఇక మా వాడరేవు వాళ్ళకు వేరే చెప్పాలా? అల విరిగితే చెవికంటే ముందు గుండెకు తెలుస్తుంది!

పరిశోధకులు సైతం బేస్ ప్రియుల పక్షాన ఉన్నారు. అమెరికాలో హార్మన్ సంస్థకు చెందిన షాన్ ఓలివ్ బృందం 2012 తర్వాత వరుసగా శ్రోతల మీద పరీక్షలు జరిపింది. మంచి గదిలో మంచి స్పీకర్లు వింటే ఎలా ఉంటుందో అలా, మంద్రం కొంత హెచ్చుగా ఉన్న హెడ్‌ఫోన్లనే ఎక్కువమంది మెచ్చారు. కాబట్టి మన రుచిని చూసి మనం సిగ్గుపడనక్కరలేదు.

మరి తేడా ఎక్కడ? షాపుల్లో "వార్మ్ సౌండ్" అనేదాన్ని మనం నిండుదనం అనుకోవచ్చు. సుమారు 100 నుంచి 300 హెర్ట్జ్ వరకు ఉన్న భాగం కాస్త నిండుగా, పై స్థాయి కాస్త మెత్తగా ఉంటే గొంతు వెచ్చగా తోస్తుంది. లోతైన బేస్ అంతకంటే కింద, 60 హెర్ట్జ్‌కు దిగువన ఉంటుంది. అసలు లోతు లేకుండా, నిండుదనాన్నే కొలత మించి ఎక్కిస్తే మిగిలేది మోత. మంద్రధ్వనికి ఇంకొక గుణం ఉంది. హద్దు మీరితే అది తనకు పైనున్న శబ్దాలను కప్పేస్తుంది. అప్పుడు పాటలో స, శ, త, ద లాంటి అక్షరాలు ముందుగా మునిగిపోతాయి. మాట వినపడని తెలుగు పాట మనకెందుకండీ?

ఇక్కడ భౌతికశాస్త్రం చదివేవారికి ఒక సందేహం రావాలి. 20 హెర్ట్జ్ తరంగం గాలిలో సుమారు 17 మీటర్ల పొడవుంటుంది. నాలుగు సెంటీమీటర్ల బిళ్ళ దాన్నెలా పుట్టిస్తుంది? గది నిండా ఉన్న గాలినంతా అది కదపనక్కరలేదు. మెత్తకూ చెవికీ మధ్య మూసుకున్న చిటికెడు గాలిని నొక్కి వదిలితే చాలు. అంటే ఆ మూత గట్టిగా ఉండాలి. సందు దొరికితే బేస్ అక్కడినుంచే జారిపోతుంది, గట్టు తెగిన మడిలో నీళ్ళలాగా. అందుచేత పెట్టె మీద డ్రైవర్ ఎన్ని మిల్లీమీటర్లని రాశారో చూసి మురిసిపోకండి. తలకు పెట్టుకుని రెండు మెత్తలనూ వేళ్ళతో మెల్లగా అదమండి. బేస్ ఒక్కసారి పెరిగిందా, అది మీ తలకు సరిపోలేదన్నమాట. కళ్ళజోడు ఉన్నవారు కళ్ళజోడుతోనే, జడ ఉన్నవారు జడతోనే పెట్టి చూడాలి. చెవిలో దూర్చుకునే రకమైతే దానితో వచ్చే చిన్నా పెద్దా రబ్బరు తొడుగులన్నీ మార్చి చూడాలి. దీనికి ఒక్క పైసా ఖర్చు లేదు!

రెండో సంగతి, శబ్దస్థాయి. తక్కువ శబ్దంలో మన చెవికి మంద్రం సరిగా ఆనదని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లోనే కొలిచి చూపారు. కనుక గట్టిగా మోగిస్తే ఏ హెడ్‌ఫోనైనా బేస్ ఉన్నట్టే అనిపిస్తుంది. రెంటిని పోల్చేటప్పుడు రెండూ ఒకే స్థాయిలో వినిపించమని అడగాలి. ఆపైన మీరు రోజూ వినేంత మెల్లగా వినాలి. మెల్లగా విన్నప్పుడూ నిండుగా ఉన్నదే మంచి సరుకు.

ఏ పాట పెట్టి చూడాలి? షాపువాడు పెట్టిన పాట వద్దు. మీకు కంఠతా వచ్చినది కావాలి. ఘంటసాల పద్యం ఒకటి పెట్టండి. గొంతులో గాంభీర్యం నిలవాలి, ఒత్తులు స్పష్టంగా పలకాలి. మన పక్క ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం పెట్టండి; వెనక డోలు వేరుగా, ముందు నాదస్వరం తళుకుగా వినపడాలి. రెండూ కలిసి ముద్దయితే ఆ హెడ్‌ఫోన్ పక్కన పెట్టేయండి.

మాది వాడరేవు పక్కన ఇసుక నేల సేద్యం. వేరుశనగ విత్తనాలు సంచి మీద బొమ్మ చూసి ఎవరూ కొనరు. గుప్పెడు గింజలు తడి గోనెలో చుట్టి, ఎన్ని మొలిచాయో లెక్క చూస్తారు. ఆ పంట డబ్బుతో చదివే మనం సినిమా తార బొమ్మ చూసి హెడ్‌ఫోన్ కొనడమేమిటి?

డబ్బైనా మళ్ళీ సంపాదించుకోవచ్చు. వారానికి 40 గంటలు వింటే 80 డెసిబెళ్ళు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అదే 90 డెసిబెళ్ళయితే వారం మొత్తానికి నాలుగు గంటలే. కోసిన వరి మోడు పిలక వేస్తుంది గానీ, మనిషి లోపలి చెవిలో చచ్చిన రోమకణాలు మళ్ళీ మొలవవు. పైగా మోత వల్ల ముందు దెబ్బతినేది మంద్రం కాదు, హెచ్చు స్థాయి. అంటే బేస్ కోసం శబ్దం పెంచినవాడికి చివరకు బేస్ మిగులుతుంది, మాటలు పోతాయి. ఏళ్ళ తరబడి ట్రాక్టరు మీద బతికిన మా ఊరి పెద్దలతో ఇప్పుడు మేం అరిచి మాట్లాడాలి. వారిది పొట్టకూటి కోసం పడిన బాధ. మనకు ఆ అవసరం ఏమొచ్చింది?

విద్యార్థి సంఘానికి నాదొక సూచన. వచ్చే సంవత్సరం సైన్స్ ఎగ్జిబిషన్‌లో ఒక బల్ల దీనికి కేటాయించండి. మనందరి హెడ్‌ఫోన్లూ తెద్దాం. వినేవారి కళ్ళకు గంతలు కట్టి, ధరా పేరూ చెప్పకుండా, శబ్దస్థాయి సమానం చేసి ఒక్కొక్కటీ వినిపిద్దాం. ఎవరి చెవి దేన్ని మెచ్చిందో కాగితం మీద రాద్దాం. ధరలు ఆ తర్వాతనే బయటపెడదాం. లెక్చరర్లు కూడా వచ్చి వింటే మాకు మరీ సంతోషం.